641 దగ్గర దొరికిపోయిన 4294967297

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. చూడగానే ఇందులో విశేషమేమీ కనిపించదు. పది అంకెలున్నాయి, చివర 7 ఉంది కాబట్టి 2తోనూ 5తోనూ భాగించబడదు. అంకెలన్నీ కూడితే 59 వస్తుంది కనుక 3, 9 కూడా పక్కకు పోతాయి. అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి, తీసివేసి చూస్తే 11 కూడా పోతుంది. 7, 13, 17, 19 తో ఓపికగా భాగిస్తూ పోయినా ప్రతిసారీ ఏదో ఒక శేషం మిగులుతుంది. వంద ప్రధాన సంఖ్యలు ప్రయత్నించినా ఫలితం అదే. ఆ దశలో చాలామంది ఇది ప్రధాన సంఖ్యే అని చెప్పి కలం పక్కన పెడతారు. గణిత చరిత్రలో ఒక మహామేధావి దాదాపు అదే పని చేశాడు. ఈ సంఖ్య పేరుపొందడానికి కారణం కూడా అదే.

నిజానికి ఇది సంయుక్త సంఖ్య. దీని విలువ 641 × 6700417. ప్రధాన సంఖ్యల వరుసలో 641 ది 116వ స్థానం. అంటే చిన్నవాటి నుంచి ఒక్కొక్కటిగా భాగించుకుంటూ పోతే 115 సార్లు విఫలమయ్యాక 116వ సారి పట్టు దొరుకుతుంది. దీని వర్గమూలం దాకా, అంటే 65536 లోపు, 6542 ప్రధాన సంఖ్యలున్నాయి. వాటితో పోలిస్తే 116 మరీ దూరమేమీ కాదు. మరి ఎందుకు మోసపోయారు?

జవాబు ఈ సంఖ్య పుట్టుకలోనే ఉంది. 2 ని తీసుకుని వర్గం చేస్తే 4, మళ్ళీ వర్గం చేస్తే 16, ఆ తర్వాత 256, 65536, 4294967296. వీటిలో ప్రతిదానికీ ఒకటి కలిపితే ఫెర్మా సంఖ్యలు వస్తాయి: 3, 5, 17, 257, 65537, 4294967297. మొదటిదాన్ని సున్నాతో లెక్కపెట్టడం ఆనవాయితీ కాబట్టి మన సంఖ్య ఐదో ఫెర్మా సంఖ్య, అంటే 2³² + 1. ద్విసంఖ్యామానంలో రాస్తే మొదట ఒక 1, మధ్యలో 31 సున్నాలు, చివర మరో 1. ఇంత శుభ్రమైన ఆకారం సంఖ్యల లోకంలో అరుదు.

ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ ద ఫెర్మా 1640 ఆగస్టులో తోటి గణితజ్ఞుడు ఫ్రెనికిల్‌కు రాసిన ఉత్తరంలో ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధానమేనని తన నమ్మకమన్నాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఐదింటికి ఐదూ సరిపోతే తర్వాతిది కూడా సరిపోతుందనిపించడం సహజం. కానీ ఆశ్చర్యమేమంటే, ఈ సంఖ్యను పగలగొట్టడానికి కావలసిన పనిముట్టు అదే ఏడాది ఆయన చేతిలోనే ఉంది. 2³⁷ − 1 అనే ఇంకా పెద్ద సంఖ్యను 223 భాగిస్తుందని ఫెర్మా 1640 లోనే కనిపెట్టాడు. దాని కారణాంకాలన్నీ 74 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉంటాయని గ్రహించడం వల్ల ఆయన ప్రయత్నించాల్సినవి రెండే మిగిలాయి, 149, 223. ఆ ఆలోచనే 2³² + 1 కి వర్తింపజేస్తే సాయంత్రానికి పని తేలిపోయేది. ప్రయత్నించి మధ్యలో లెక్క తప్పాడా, అసలు ప్రయత్నించనే లేదా అన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు ఊహించుకోవచ్చు.

తర్వాతి కథ తొంభై ఏళ్ళకు మొదలైంది. 1729 డిసెంబరులో గణితజ్ఞుడు క్రిస్టియన్ గోల్డ్‌బాక్ ఈ మాట నిజమేనా అని లియోన్‌హార్డ్ ఆయిలర్‌ను ఉత్తరంలో అడిగాడు. 1732 లో ఆయిలర్, 641 దీన్ని భాగిస్తుందని ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. దారిని ఆ తర్వాతి రచనలో విడమరిచాడు. ఆ దారి నడిచి చూడదగ్గదే.

ఏదో ఒక బేసి ప్రధాన సంఖ్య 2³² + 1 ని భాగిస్తుందనుకుందాం. అప్పుడు దానితో 2³² ను భాగిస్తే శేషం −1 అవుతుంది (అంటే భాజకానికి ఒకటి తక్కువ). రెండువైపులా వర్గం చేస్తే 2⁶⁴ కు శేషం 1. కాబట్టి 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకు ఒకసారి మొదటికి తిరిగొస్తాయి. అంతకంటే ముందే తిరిగొచ్చే వీల్లేదు, ఎందుకంటే 64 ను భాగించే చిన్న సంఖ్యలన్నీ 32 ను కూడా భాగిస్తాయి, 32వ అడుగు దగ్గర మాత్రం 1 కి బదులు −1 ఉంది. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఈ చక్రం పొడవు, ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేయగా మిగిలినదాన్ని నిశ్శేషంగా భాగించాలి. కనుక ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా అది 64 గుణిజానికి ఒకటి కలిపినదే అయివుండాలి.

ఈ ఒక్క షరతుతో జల్లెడ పడితే 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 మిగులుతాయి. వీటిలో ప్రధానమైనవి 193, 257, 449, 577, 641. నాలుగు భాగహారాలు విఫలమై ఐదోది ఫలిస్తుంది. 116 ప్రయత్నాలు కాస్తా ఐదైపోయాయి.

1878 లో ఎడ్వర్డ్ లూకా ఈ జల్లెడను ఇంకా బిగించాడు. 64 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్యను 8తో భాగిస్తే శేషం 1 వస్తుంది. అలాంటి ప్రధాన సంఖ్య లోకంలో, అంటే దానితో భాగించగా వచ్చే శేషాలే చూస్తే, 2 అనేది ఏదో ఒకదాని వర్గం అవుతుంది. దాంతో 64 అడుగుల చక్రం, ఒకటి తీసేసిన సంఖ్యలో సగాన్నే భాగించాలి. అంటే కారణాంకాలు 128 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలో ఉండాలి. ఇప్పుడు 641 వరకు మిగిలే ప్రధాన సంఖ్యలు రెండే, 257, 641. అందులో 257 తానే ఒక ఫెర్మా సంఖ్య. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదని గోల్డ్‌బాక్ 1730 లోనే చూపించాడు. దాన్ని కొట్టేస్తే మిగిలేది 641 ఒక్కటే, మొదటి భాగహారంతోనే పని పూర్తి. సరైన ప్రశ్న వేయడం తెలిస్తే లెక్క ఎంత తగ్గుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ పెద్ద సంఖ్యను నేరుగా భాగించకుండా కూడా 641 దాన్ని భాగిస్తుందని చూపే వీలుంది. 2¹⁶ అంటే 65536. దీన్ని 641తో భాగిస్తే శేషం 154. 154 ను వర్గం చేస్తే 23716. దాన్ని 641తో భాగిస్తే శేషం 640, అంటే −1. ఒకటి కలిపితే సున్నా. మూడు వరుసల్లో తేలిపోయే లెక్క ఇది.

దీనికంటే అందమైనది మరొకటుంది. 641 ను రెండు రకాలుగా రాయొచ్చు: 5 × 2⁷ + 1 (అంటే 640 + 1), ఇంకా 5⁴ + 2⁴ (అంటే 625 + 16). మొదటిదాని ప్రకారం 641తో భాగించినప్పుడు 5 × 2⁷ కు శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 5⁴ × 2²⁸ కు శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³² కు శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 కు శేషం సున్నా. పెద్ద సంఖ్యను ఒక్కసారి కూడా తాకకుండానే దాని గుట్టు బయటపడింది.

ఇదే సూత్రం నుంచి ఎవరూ అంతగా పట్టించుకోని ఇంకో ఫలితం కూడా రాలుతుంది. 5⁴ కు, −2⁴ కు శేషం ఒకటే కాబట్టి 5⁸ కు, 2⁸ కు కూడా శేషం ఒకటే. ఇరువైపులా 2⁸ తో గుణిస్తే 10⁸ కు, 2¹⁶ కు ఒకే శేషం, అదే 154. కనుక 10¹⁶ కు శేషం −1, 10³² కు శేషం 1. అంటే 1 ని 641తో భాగించి దశాంశాల్లో రాస్తే సరిగ్గా 32 అంకెలకు ఒకసారి అదే వరుస తిరిగి మొదలవుతుంది. పది ఘాతాలకూ రెండు ఘాతాలకూ మామూలుగా ఇంత చుట్టరికం ఉండదు.

ఇక రెండో కారణాంకం 6700417. ఇది ప్రధానమా కాదా అని తేల్చడానికి కూడా అదే జల్లెడ సరిపోతుంది, ఎందుకంటే దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా మొత్తాన్నీ భాగించాలి. దీని వర్గమూలం 2588 కి కాస్త ఎక్కువ. ఆ లోపు 128 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257 ఎలాగూ కుదరదు. మిగతా నాలుగింటితో భాగిస్తే వరుసగా 44, 120, 334, 622 శేషాలొస్తాయి. ఒక్కటి కూడా సున్నా కాదు కాబట్టి 6700417 ప్రధాన సంఖ్య. డెబ్భై లక్షలకు దగ్గరున్న సంఖ్యకు నాలుగు భాగహారాలతో ధ్రువీకరణ!

రెండే ప్రధాన కారణాంకాలు కాబట్టి దీని భాజకాలు నాలుగే: 1, 641, 6700417, ఆ సంఖ్య తానే. తనను వదిలేసి మిగతావి కూడితే 6701059 వస్తుంది, సంఖ్యలో దాదాపు 641వ వంతు. ఈ కొలతలో పెద్దగా చెప్పుకోవలసిందేమీ లేదు. అసలు రుచి వర్గాల మొత్తంలో ఉంది.

4ల గుణిజానికి ఒకటి కలిపిన ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. రెండు విధాలుగా రాయగలిగితే అది ప్రధానం కాదన్నమాటే. మన సంఖ్యకు ఒక రూపం పుట్టుకతోనే ఉంది: 65536² + 1². రెండోది వెతికితే దొరుకుతుంది: 62264² + 20449². లెక్క కట్టి చూడొచ్చు, 3876805696 కు 418161601 కలిపితే సరిగ్గా 4294967297. పైగా 20449 మళ్ళీ 143 వర్గం. ఇది కేవలం ముచ్చట కోసం.

ఈ రెండు రూపాలూ ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఇంకా బాగుంటుంది. 641 అంటే 25² + 4². 6700417 అంటే 2556² + 409². ఇలాంటి రెండు సంఖ్యలను గుణిస్తే లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమే అవుతుందని భారతీయ గణితంలో బ్రహ్మగుప్తుడి కాలానికే తెలుసు. ఇక్కడ 25 × 2556 అంటే 63900, 4 × 409 అంటే 1636. కూడితే 65536, తీసివేస్తే 62264. అటువైపు 25 × 409 అంటే 10225, 4 × 2556 అంటే 10224. కూడితే 20449, తీసివేస్తే 1. ఆ 10225, 10224 ఒక్కటి తేడాతో పక్కపక్కన నిలబడటమే ఈ సంఖ్యకు ప్రాణం. ఆ తేడా ఒకటే కావడం వల్లే 641 × 6700417 ఒక పరిపూర్ణ వర్గానికి పక్కన వచ్చి కూర్చుంది.

ఫెర్మా దగ్గర కారణాంకాలు వెతకడానికి మరో పద్ధతి కూడా ఉండేది. సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాసి, దాన్నుంచి కారణాంకాలు లాగడం. కారణాంకాలు రెండూ దగ్గరదగ్గరగా ఉంటే అది మెరుపులా పనిచేస్తుంది. కానీ ఇక్కడ ఒకటి వందల్లో ఉంటే రెండోది లక్షల్లో ఉంది. 3350529² నుంచి 3349888² తీసివేస్తేనే ఈ సంఖ్య వస్తుంది. 65537 దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పోతే ముప్పై రెండు లక్షల ఎనభై నాలుగు వేల పైచిలుకు అడుగులు పడతాయి. ఆ పద్ధతి నమ్ముకుంటే మాత్రం ఈ సంఖ్య ఎవరికీ లొంగేది కాదు.

మరో ఉచ్చు కూడా ఉంది, ఇది ఇంకా సూక్ష్మమైనది. ఒక సంఖ్య ప్రధానమైతే, 2 ని దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి హెచ్చించి ఆ సంఖ్యతోనే భాగించినప్పుడు శేషం 1 రావాలి. సంయుక్త సంఖ్యలు సాధారణంగా ఈ పరీక్షలో తప్పుతాయి. మరి 4294967297? 2³² కు శేషం −1, 2⁶⁴ కు శేషం 1. హెచ్చించాల్సిన ఘాతం 4294967296, అది 64 కు గుణిజం. కాబట్టి శేషం 1 వచ్చి తీరుతుంది. పరీక్షలో దర్జాగా నెగ్గేసింది! ఫెర్మా సంఖ్య ఏదైనా సరే, ప్రధానమైనా కాకపోయినా, ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గుతుంది. దాని ఒంటినిండా 2 ఘాతాలే కాబట్టి 2తో పెట్టే పరీక్ష దాన్ని ఏమీ చేయలేదు. దొంగను పట్టుకోవడానికి వాడి బంధువునే సాక్ష్యం అడిగినట్టు ఉంటుంది.

2 కు బదులు 3 వాడితే సంగతి వేరు. 3 తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి ఈ సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకుంటూ పోతే, 31 సార్లకు 10324303 వస్తుంది. ప్రధానమైవుంటే ఇక్కడ −1, అంటే 4294967296, రావాలి. ఇంకొక్కసారి వర్గం చేస్తే 3029026160. ప్రధానమైవుంటే 1 రావాలి. రెండు చోట్లా దొరికిపోయింది. 1877 లో పెపాన్ ఈ 31వ మెట్టు దగ్గరి పరీక్షనే సూత్రీకరించాడు. అది ఫెర్మా సంఖ్యల విషయంలో ఎప్పుడూ తప్పు చెప్పదు. అయితే కారణాంకం ఏమిటో మాత్రం చెప్పదు. "ప్రధానం కాదు" అన్న తీర్పు వేరు, "ఇదిగో దీని కారణాంకం" అని చూపడం వేరు. ఈ తేడా పెద్ద ఫెర్మా సంఖ్యల దగ్గర బాగా బాధిస్తుంది.

అన్నట్టు, నోటి లెక్కతో ఈ సంఖ్యను విడగొట్టిన పిల్లవాడు కూడా ఉన్నాడు. 1812 ప్రాంతంలో అమెరికా నుంచి లండన్ వచ్చి గణన ప్రదర్శనలిచ్చిన జీరా కోల్‌బర్న్‌కు అప్పటికి ఎనిమిదేళ్ళు. ఈ సంఖ్య ఇస్తే 641 అని చెప్పాడు. ఆ వయసుకు ఆయిలర్ పేరు విని ఉంటాడా అన్నది సందేహమే.

ఇరుగుపొరుగులను కూడా ఒకసారి పలకరించాలి. ఫెర్మా సంఖ్యలకు ఒక చక్కని గుణం ఉంది: ముందున్నవాటన్నిటినీ గుణిస్తే తర్వాతిదానికి రెండు తక్కువ వస్తుంది. 3 × 5 × 17 × 257 × 65537 = 4294967295. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదన్న మాట ఇక్కడి నుంచే వస్తుంది. ఉంటే అది ఆ తేడా 2 ని భాగించాలి, ఇవన్నీ బేసి సంఖ్యలు మరి. కంప్యూటర్లు 32 బిట్లలో పట్టించగల అతిపెద్ద పూర్ణసంఖ్య కూడా 4294967295 యే. మన సంఖ్య ఆ గోడకు రెండడుగుల అవతల ఉంది.

ఈ పొరుగుతనానికి రేఖాగణితంలో ఒక విచిత్రమైన అర్థముంది. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి ఏ క్రమ బహుభుజులు గీయగలమన్నది గ్రీకుల కాలం నాటి ప్రశ్న. 1796 లో పందొమ్మిదేళ్ళు నిండని గౌస్ 17 భుజాల బొమ్మ గీయవచ్చని చూపించాడు. భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలని తర్వాత తేలింది. ఆ షరతు తప్పనిసరి అన్న భాగాన్ని వాంట్జెల్ 1837 లో నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఐదే కాబట్టి ఇలాంటి బేసి బహుభుజులు 31 మాత్రమే, వాటిలో అన్నిటికంటే పెద్దది 4294967295 భుజాలది. దాని పక్కనున్న 4294967296 ఉత్త 2 ఘాతం, కనుక అదీ గీయొచ్చు. ఇంకొక్క భుజం పెంచితే 641 అడ్డొచ్చి సాధ్యం కాదు. ఫెర్మా ఊహ నిజమైవుంటే మూడూ వరుసగా సాధ్యమయ్యేవి. 65537 భుజాల బొమ్మ నిర్మాణం కోసమే జర్మనీలో హెర్మెస్ అనే గణితజ్ఞుడు పదేళ్ళు కష్టపడి 1894 లో ముగించాడు. ఆ రాతప్రతి గోటింగెన్‌లో ఉంది. ఆ లెక్కన ఆయిలర్ చాలామందిని పెద్ద కష్టం నుంచి కాపాడినట్టే.

ఐదో ఫెర్మా సంఖ్య దగ్గర దారి తెరుచుకున్నాక ముందుకు వెళ్ళడం సులువనుకుంటే పొరపాటే. ఆరోదాన్ని 1880 లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ముదిమి వయసులో విడగొట్టాడు: 274177 × 67280421310721. 39 అంకెల ఏడోదానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పటికి కంప్యూటర్లొచ్చాయి. ఎనిమిదోది 1980 లో, తొమ్మిదోది 1990 లో లొంగాయి. పదకొండోదాని దాకా పూర్తిగా విడగొట్టారు. పన్నెండో దానికి కొన్ని కారణాంకాలే దొరికాయి, మిగిలిన ముక్క ఇంకా పెద్ద సంయుక్త సంఖ్యగానే ఉండిపోయింది. ఐదు నుంచి ముప్పై రెండు వరకు ఒక్కటి కూడా ప్రధానం కాదని తేలింది. వీటిలో ఇరవయ్యోది, ఇరవై నాలుగోది మరీ మొండివి. పెపాన్ పరీక్ష అవి ప్రధానం కావని తీర్పిచ్చింది, కానీ వాటి కారణాంకాల్లో ఒక్కటి కూడా ఎవరికీ చిక్కలేదు.

ముప్పై మూడోది ఇంకా తేలలేదు. దానికి దాదాపు 258 కోట్ల అంకెలుంటాయి. పెపాన్ పరీక్షే పెట్టాలంటే, 4294967297 కు 31 సార్లు చేసిన వర్గాన్ని అక్కడ 858 కోట్ల 99 లక్షల 34 వేల 591 సార్లు చేయాలి.